ప్రక్షిప్తం

మాడ్ అనే మాటకు సరైన తెలుగు ఇంతవరకు నాకు దొరకలేదు. మాడిఫికేషన్ అనే పొడుగాటి పదాన్ని కత్తిరించి కుర్రకారు వాడుకునే ముక్క అది. ఒక కంపెనీ తయారుచేసి అమ్మిన వీడియో గేములో, దాన్ని కొనుక్కున్నవాడు తన ఇష్టం కొద్దీ చేసుకునే మార్పుచేర్పులను మాడ్ అంటారు. యోధుడి అంగీ రంగు మార్చడం మొదలు, వెనుక మోగే సంగీతం తీసేసి మరొకటి పెట్టుకోవడం వరకు అన్నీ దీని కిందికే వస్తాయి. కంపెనీ వారు గేముకు అధికారికంగా అప్‌డేటు విడుదల చేసిన రోజున ఈ మార్పులు చాలావరకు పనిచేయడం మానేస్తాయి. "అప్‌డేటు వచ్చింది, మాడ్ మాడింది" అంటూంటాడు మా మేనల్లుడు. వాడికి ఆ మాత్రం శ్లేష అబ్బడం మా నాన్నగారి చలవ.

ఆటల సంగతి పట్టని చదువరులు ఇక్కడే ఆగిపోవద్దని మనవి. విండోస్ ఎక్స్‌పీలో తెలుగు అక్షరాలు గళ్ళు గళ్ళుగా కనబడితే సెట్టింగులలోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టి, అది సీడీ అడిగితే సీడీ వేసి, యంత్రాన్ని ఆపి మళ్ళీ మొదలుపెట్టి చదువుకున్న తరం మనది. ఈ తంతు మీకేమీ కొత్తగా అనిపించదు.

నా మటుకు నాకు మాడ్‌తో పరిచయం ఆ మాట తెలియకముందే జరిగింది. 1993 ప్రాంతంలో తెనాలిలో, స్టేషనుకు పోయే దారిలో ఒక ఇరుకు కొట్టు ఉండేది. అందులో రూపాయి బిళ్ళ వేస్తే ఆడనిచ్చే పెట్టెలు నాలుగు ఉండేవి. వాటిలో ఒకటి స్ట్రీట్ ఫైటర్ 2. అయితే మా కొట్టులోని ఆట విచిత్రంగా ఉండేది. యోధులు గాలిలో ఎగురుతూనే నిప్పుబంతులు విసిరేవారు. పోరు మధ్యలో మీట నొక్కితే ఒక యోధుడు మరొక యోధుడిగా మారిపోయేవాడు. అసలు ఆటే అంత అని మేమందరం నమ్మాము. కొన్నేళ్ళకు విజయవాడలో మరొక పెట్టె మీద ఆడబోతే, ఎంత నొక్కినా గాలిలోంచి నిప్పు రాలేదు. పెట్టె పాడైందని యజమానితో వాదించాను కూడా.

మేము ఆడినది దొంగ ప్రతి. కాప్‌కాం వారి ఆటను ఎవరో విప్పి, లోపలి లెక్కలు తారుమారు చేసి, రెయిన్‌బో ఎడిషన్ అనే పేరుతో 1992లో లోకం మీదికి వదిలారట. తరువాతి కథ ఇంకా చిత్రమైనది. కాప్‌కాం అమెరికా శాఖలో పనిచేసిన జేమ్స్ గొడార్డ్ ఈ దొంగ ప్రతులను చూశాడు. జనం వాటి వేగానికి మరిగారని, దానికి దీటుగా తామే ఒకటి తేవాలని పట్టుబట్టాడు. 1992 డిసెంబరులో వచ్చిన హైపర్ ఫైటింగ్ అలా పుట్టినదే. మన దేశపు యోగి అని వారు చూపించే ధాల్సిం ఒక చోట మాయమై మరొక చోట తేలే విద్య నేర్చినది ఆ ఆటలోనే. అంటే ఒకప్పుడు మాడ్ ముందు వచ్చింది, అధికారిక అప్‌డేటు దాని అడుగుజాడలో నడిచింది. నేడు వరస తిరగబడింది. అప్‌డేటు ముందు నడుస్తుంది, మాడ్ వెనుక ఆయాసపడుతూ పరుగెడుతుంది.

ఇక అసలు విషయం. 2023 జూన్ 2న స్ట్రీట్ ఫైటర్ 6 విడుదలయింది. అమెరికా చదువుకు బయలుదేరే ముందు నెల, అంటే ఆ జూలైలో, మా అక్క కొడుకు తెనాలిలో మా ఇంట ఉన్నాడు. నా కంప్యూటరులో ఆ ఆట వేసి రాత్రింబవళ్ళు ఆడేవాడు. నేనూ కూర్చునేవాణ్ణి. పోటీ మొదలయ్యేటప్పుడు ఒక గొంతు "రౌండ్ వన్, ఫైట్" అని అరుస్తుంది. ఎవరైనా కూలితే "కె.ఓ." అంటుంది. మా నాన్నగారు ముప్ఫై నాలుగేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో తెలుగు పండితులుగా పనిచేసినవారు. పద్యం ఎత్తుకుంటే మూడో ఇంటికి వినపడే గొంతు. పక్క గదిలో పడక్కుర్చీలో ఉండి ఈ అరుపులన్నీ విని, "ఆ అరిచేవాడికి ఉచ్చారణ బాగుందిరా, వాడి చేత తెలుగులో చెప్పించరాదూ?" అన్నారు. మేనల్లుడు ఆ మాట పట్టుకున్నాడు. వాడి చేత ఎందుకు, మీరే చెప్పండి తాతయ్యా అన్నాడు.

నాన్నగారికి ఒక పని అప్పజెప్పితే ముందు పదాల పంచాయతీ తేలాలి. రౌండును ఏమనాలి? ఆవృతం అన్నాను నేను. "అది లెక్కల మాస్టారి మాట. గోదాలోకి దిగినవాడికి పట్టు అనాలి. కోడి రామమూర్తి నాయుడి కథలు చెప్పుకొనే రోజుల్లో మేమందరం ఒకటో పట్టు, రెండో పట్టు అనే అనుకునేవాళ్ళం" అన్నారు. కాబట్టి "మొదటి పట్టు". ఫైట్‌కు మేనల్లుడు "పోరాడు" అన్నాడు. ఊరేగింపులో నినాదంలా ఉందని తాత కొట్టిపారేశారు. ఇద్దరు వస్తాదులు ఎదురుబొదురుగా నిలబడ్డాక పెద్దమనిషి అనే మాట ఒక్కటే, "కానీ!" అని. కె.ఓ.కు "చిత్తు" అనడంలో ఎవరికీ పేచీ లేకపోయింది. ఒక్క దెబ్బయినా తినకుండా గెలిచినవాడికి "గీటైనా పడలేదు". సమయం అయిపోయినప్పుడు "కాలం చెల్లింది" అని ఆయన అంటూండగా, వంటింట్లోంచి అమ్మ వచ్చి, ఆ మాట ఇంట్లో అనవద్దని గట్టిగా చెప్పింది. దాన్ని "వేళ మించింది"గా మార్చారు. ఓడినవాడికి వినిపించే మాట దగ్గర మాత్రం నాన్నగారు మొరాయించారు. పిల్లవాడి ముఖాన ఓడిపోయావు అని ఆయన ఏనాడూ అనలేదట. చివరికి "మళ్ళీ రా" అని రికార్డు చేశారు. దానికదే నాకు అన్నిటిలోకీ ఇష్టం.

పరుపులు గోడకు ఆనించి, ఫ్యాను ఆపి, మేనల్లుడి ఫోనులోనే రికార్డు చేశాము. మొత్తం ఇరవైమూడు ముక్కలు తేలాయి. అంతా అయ్యాక, ఇది ఆటలోకి ఎలా వెళుతుందని ఆయన అడిగారు. వాడు చెప్పాడు. నాన్నగారు కాసేపు ఆలోచించి, "కవి ఒకడు, నడుమ దూరినవాడు ఇంకొకడు. దీన్ని ప్రక్షిప్తం అంటారురా. భాగవతంలో పంచమ స్కంధం గంగన రాశాడు, షష్ఠం సింగన రాశాడు. వాళ్ళది పూరణ. పూరించడం వేరు, దూర్చడం వేరు. మనం చేస్తున్నది దూర్చడం" అని తీర్పు చెప్పి, మొదటిసారి తన గొంతు తెరలోంచి వినబడగానే పెద్దగా నవ్వారు.

ఇది ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. ఆటకు సంబంధించిన బొమ్మలు, శబ్దాలు అన్నీ పాక్ అనే పెద్ద మూటలలో కట్టి ఉంటాయి. మూటలో ఏ వస్తువుకూ పేరు ఉండదు. వస్తువు ఉండవలసిన చిరునామాను లెక్కకట్టగా వచ్చిన అంకె మాత్రమే ఉంటుంది. ఆట ఆ అంకెను పట్టుకొని వస్తువును వెదుక్కుంటుంది. ఫ్లఫీ మాడ్ మేనేజర్ అనే సాధనం చేసే పని, మూట ముందున్న విషయసూచికలో మనకు కావలసిన అంకెను చెరిపివేయడం. అక్కడ దొరకని వస్తువు కోసం ఆట బయట నేటివ్స్ అనే ఫోల్డరులోకి తొంగి చూస్తుంది. మన వస్తువు అక్కడ కాచుకొని ఉంటుంది. ఇవి కాక ఆర్.ఈ. ఫ్రేమ్‌వర్క్ అని మరొకటి ఉంది. ఆట ఫోల్డరులో ఒక చిన్న డీఎల్ఎల్ ఫైలుగా కూర్చొని, ఆట మొదలవగానే దానితో పాటు మేలుకొంటుంది. ఇవన్నీ అభిమానులు తీరిక వేళల్లో తయారుచేసి ఊరికే ఇచ్చినవి.

అప్‌డేటు వచ్చినప్పుడు స్టీమ్ తన వద్దనున్న కొత్త ప్రతితో మన మూటను సరిపోల్చి, తేడాలను సరిదిద్దుతుంది. మనం చెరిపిన అంకెలు మళ్ళీ ప్రత్యక్షమవుతాయి. మన ఫైలు బయట ఫోల్డరులో అలాగే ఉంటుంది. పిలిచే నాథుడు ఉండడు. ఇందులో తయారుచేసినవారి తప్పేమీ లేదు. వారి పుస్తకానికి వారు కొత్త ముద్రణ వేసుకున్నారు, మనం పాత ప్రతి అంచుల్లో రాసుకున్న రాత అందులోకి ఎలా వస్తుంది?

కాబట్టి తెలిసినవారు అప్‌డేటు ముందు రాత్రే మాడ్‌లన్నిటినీ మేనేజరులో విప్పి పెడతారు. ఫ్రేమ్‌వర్క్ ఫైలును తీసి పక్కన పెడతారు. అప్‌డేటు దిగాక ఒకసారి ఆటను ఏ అలంకారమూ లేకుండా నడిపి చూస్తారు. ముందుగా విప్పకపోతే స్టీమ్‌లో ఫైళ్ళ సమగ్రత సరిచూసే మీట నొక్కి, అది చెడినవాటిని మళ్ళీ దింపేదాకా కూర్చోవాలి. ఆ తరువాత కొత్త ఆటకు తగిన ఫ్రేమ్‌వర్క్ వచ్చేవరకు ఓపిక పట్టాలి. పాతది పెడితే ఆట తెరుచుకోకుండానే కూలిపోవచ్చు. అది వచ్చాక మాడ్‌లను ఒక్కొక్కటిగా ఎక్కించి, ప్రతిసారీ ఆట తెరిచి చూడాలి. అన్నీ ఒకేసారి ఎక్కిస్తే తెర నల్లబడినప్పుడు దోషి ఎవరో తేలదు. పెళ్ళివారిని పంక్తికి ఒకరొకరుగా పిలిచినట్టు చేయవలసిన పని ఇది.

2023 సెప్టెంబరు 27న ఏ.కె.ఐ. అనే విషకన్య ఆటలో చేరినప్పుడు మాకు ఇది మొదటిసారి అనుభవంలోకి వచ్చింది. మేనల్లుడు అప్పటికే డాలస్ చేరాడు. తెరలోంచి ఇంగ్లీషు గొంతు వినబడగానే నాన్నగారు లోపలినుంచి, "నా ఉద్యోగం పోయిందా?" అని కేక వేశారు. ఆ సాయంత్రమే మళ్ళీ ఎక్కించాను. పునర్నియామకం అని ఆయనకు చెప్పాను.

కంపెనీవారికి ఈ దూర్చుడు వ్యవహారం పెద్దగా గిట్టదన్నది దాపరికం లేని సంగతి. 2023లోనే కాప్‌కాం తన సాంకేతిక ప్రసంగంలో, పని తీరును బట్టి చూస్తే మాడ్‌కూ మోసపు సాధనానికీ తేడా లేదని చెప్పింది. పరువు తీసే మాడ్‌ల గురించి కూడా వాపోయింది. ఆ వాపోవడంలో న్యాయం ఉంది. అదే సెప్టెంబరులో ఒక పోటీ ప్రత్యక్ష ప్రసారంలో, ఒకరి యంత్రంలోని మాడ్ వల్ల చున్ లీ నూలుపోగు లేకుండా అందరి ఎదుటా నిలిచింది. అలాగని కాపలాకూ ఒక హద్దు ఉండాలి. స్ట్రీట్ ఫైటర్ 5కు 2016 సెప్టెంబరులో మోసాలను ఆపడానికని ఒక అప్‌డేటు ఇచ్చారు. అది కంప్యూటరు లోలోతుల్లోకి, ఎవరికీ ఇవ్వకూడని అధికారంతో ఒక డ్రైవరును చొప్పించింది. దాని ద్వారా మరెవరైనా చొరబడవచ్చని గోల లేచాక వెనక్కి తీసుకున్నారు. మా మాడ్ ఏ రకంలోకి వస్తుందని అడిగితే, ఎదుటివాడి బలం తగ్గించదు, నా బలం పెంచదు, నా గదిలో తప్ప ఎక్కడా వినబడదు అని చెప్పగలను. ఆన్‌లైనులో నాతో ఆడే బ్రెజిల్ కుర్రవాడికి వాడి ఇంగ్లీషు గొంతే వినిపిస్తుంది. డాలస్‌లో మేనల్లుడికి, తెనాలిలో నాకు మాత్రం ఒకే పెద్దమనిషి "కానీ!" అంటాడు.

2024 జనవరి ఆఖరున నాన్నగారు వెళ్ళిపోయారు. నిద్రలోనే.

ఫిబ్రవరి 27న ఎడ్ అనే కుర్రాడు ఆటలో చేరాడు. నేను కంప్యూటరు ముట్టి అప్పటికి నెల. మాడ్ యథావిధిగా మళ్ళీ ఎక్కించాను, ఎక్కింది. "మొదటి పట్టు" అని వినబడగానే ఆట ఆపివేశాను. ఆ పూట అంతకు మించి కుదరలేదు.

అసలు చిక్కు మే 22న వచ్చింది. అకూమా రాకతో పాటు యోధులందరి బలాబలాలనూ సరిదిద్దిన పెద్ద అప్‌డేటు అది. ఎప్పటిలా అన్నీ చేశాను. ఈసారి ఇంగ్లీషూ లేదు, తెలుగూ లేదు. పోటీ మూగగా మొదలయింది, కాసేపటికి ఆట కూలింది. రాత్రి పదింటికి డాలస్‌కు ఫోను చేశాను, వాడికి పగలు పదకొండున్నర. వాడు ఫైళ్ళు చూసి విషయం తేల్చాడు. కొత్త ఆటలో శబ్దాల పొట్లం కట్టే తీరు మారింది. మన పాత పొట్లంలో ఆట అడిగిన చోట అడిగినది లేదు. పాతదాన్ని పట్టుకొని వేలాడితే లాభం లేదు. కొత్త పొట్లం తీసుకొని, అందులోని ఇంగ్లీషు ముక్కలను ఒక్కొక్కటిగా తీసి, వాటి స్థానంలో తాతయ్య ముక్కలను పెట్టాలి.

మొదట రికార్డు చేసినవి తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాను. వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. ఆ ఫోను అమెరికాలో దిగిన రెండో నెలలో దొంగల పాలయింది. నాన్నగారి గొంతు ఇంకెక్కడ ఉందని ఇల్లంతా వెదికాము. మా చెల్లెలి పెళ్ళి వీడియోలో సన్నాయి వెనుక రెండు వాక్యాలు ఉన్నాయి. అంతే. మిగిలినదల్లా పనిచేయని ఆ మాడ్‌లోని పాత పొట్లం.

మూడు వారాలు పట్టింది. పొట్లం విప్పితే ముక్కలకు పేర్లు లేవు, తొమ్మిదేసి పదేసి అంకెలే ఉన్నాయి. ఏ అంకె ఏ మాటో వింటే తప్ప తెలియదు. నాన్నగారు వాడక మిగిల్చిన హాజరు పట్టీ ఒకటి బీరువాలో ఉంటే తీశాను. ఎడమ గడిలో పాత అంకె, నడుమ ఆయన మాట, కుడి గడిలో కొత్త పొట్లంలోని ఇంగ్లీషు ముక్క అంకె. రోజూ రాత్రి భోజనమయ్యాక నాలుగైదు ముక్కలు వినేవాణ్ణి. ధ్వనిని విప్పి మళ్ళీ బిగిస్తే ప్రతిసారీ కొంత నాణ్యం పోతుంది కనుక, బిగించినవాటిని బిగించినట్టే కొత్త చోటికి మార్చాలని మేనల్లుడు పదేపదే హెచ్చరించాడు. అలాగే చేశాను. "మొదటి పట్టు" మూడు రకాలుగా ఉంది. ఒకదానిలో ఆయన గొంతు సవరించుకోవడం వినబడుతుంది. అమ్మ ఒక రాత్రి తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, "వేళ మించింది" విని, ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది.

పద్దెనిమిదో ముక్క దగ్గర ఆగిపోయాను. అది ఏ ప్రకటనా కాదు. "అవుతోందా? అయితే ఇందాకటిదీ పడిందా? సరే, అన్నం చల్లారిపోతోంది, లేవండిరా" అని ఉంది. చివర మేనల్లుడి నవ్వు సగంలో తెగిపోయింది. పది నెలల పాటు ఆ ముక్క నా యంత్రంలోనే ఉంది, ఒక్కసారి కూడా వినలేదు. ఫోను చేసి అడిగితే వాడు చెప్పాడు. ఇద్దరూ ఒకేసారి కూలినప్పుడు వచ్చే డబుల్ కె.ఓ. స్థానంలో పెట్టాడట. ఎప్పుడో నాకు తగిలి నేను ఉలిక్కిపడితే నవ్వుకుందామని. తరువాత మరచిపోయాడు.

జూన్ రెండో వారంలో మాడ్ మళ్ళీ ఎక్కింది. అదే నెల 26న ఎం. బైసన్ వచ్చాడు, సెప్టెంబరు 24న టెర్రీ, 2025లో మై, ఎలెనా, సాగత్ వరసగా వచ్చారు. వచ్చినప్పుడల్లా విప్పడం, కట్టడం. హాజరు పట్టీ ఉండబట్టి ఇప్పుడు గంటలో తేలిపోతోంది. ఇరవైమూడు ముక్కల నకళ్ళు ఇద్దరి దగ్గరా, అక్క దగ్గరా కూడా ఉన్నాయి. ఆటలు తెలియని మా అక్క వాటిని పాటల జాబితాలో పెట్టుకుంది. చిత్ర గొంతు తరువాత హఠాత్తుగా "గీటైనా పడలేదు" అని వస్తుందట.

డబుల్ కె.ఓ. సంగతి మాత్రం తేలలేదు. పద్దెనిమిదో ముక్కను విడిగా నొక్కి వినవచ్చు, విన్నాను కూడా. మేనల్లుడు దాన్ని లెక్కలోకి తీసుకోడు. పోటీలో ఇద్దరమూ కూలితేనే విన్నట్టట. అందుకని ఆదివారాలు అసలు ఆట అయిపోయాక మేమిద్దరం ఈ పని మీద కూర్చుంటాము. ఇద్దరమూ ర్యూనే ఎంచుకుంటాము. ఒకరినొకరు కొట్టుకొని, ప్రాణం వెంట్రుకవాసి మిగిలేదాకా తెచ్చుకుంటాము. అక్కడినుంచి కష్టం మొదలవుతుంది. నిప్పుబంతులు విసిరితే నడుమ ఢీకొని రద్దవుతాయి. ఇద్దరమూ ఒకేసారి పట్టు వేస్తే విడిపోతుంది. గుద్దులే గతి. ఆట క్షణానికి అరవై బొమ్మలుగా నడుస్తుంది, ఆ అరవైలో ఒకే బొమ్మ మీద ఇద్దరి గుద్దూ తగలాలి. నడుమ పద్నాలుగు వేల పైచిలుకు కిలోమీటర్లు. ఫోనులో వాడు ఒకటి, రెండు, మూడు అంటాడు, ఆ మూడు నాకు చేరేసరికే ఆలస్యం. లెక్క నేను చెపితే వాడికి ఆలస్యం. ఇప్పుడు ఫోను మాని, తెర మీద కనబడే ఆట గడియారం ముప్ఫైకి చేరగానే నొక్కాలని ఒప్పందం చేసుకున్నాము.

పోయిన ఆదివారం పదకొండు సార్లు ప్రయత్నించాము. ఆరు సార్లు వాడు ముందు కూలాడు, ఐదు సార్లు నేను. పడినప్పుడల్లా నాన్నగారు "మళ్ళీ రా" అన్నారు.